తన రక్తం తాను తెచ్చుకునే కండ

గొంతు క్యాన్సర్ చికిత్స పూర్తయిన తర్వాత మానని గాయాన్ని పూడ్చడానికి శరీరంలోని మరోచోటి కండను తెచ్చి అతికే విద్యకు మూలాలు భారతదేశంలోనే ఉన్నాయి. ఆ విద్య ప్రపంచానికి తెలియడానికి కారణమైన మూడో మైసూరు యుద్ధంలో ఒక పక్షమైన మైసూరు రాజ్యం ఏలుబడిలోనే అనంతపురం సీమలోని కంబదూరు, కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల మెరక నేల కూడా ఆనాడు ఉండేది. 

ఈ విద్యలో వాడే ముక్కను ఫ్లాప్ అంటారు. చర్మాన్ని, దాని కింది కొవ్వును, అవసరమైతే కండను కూడా, వాటిని పోషించే రక్తనాళంతో సహా లేపి మరోచోట కుట్టడం దీని పద్ధతి. పలుచని చర్మపు పొరను మాత్రమే ఒలిచి అతికే గ్రాఫ్టు, అతికిన చోటి రక్తం మీద ఆధారపడి బతుకుతుంది; ఫ్లాప్ మాత్రం తన రక్తాన్ని తానే వెంట తెచ్చుకుంటుంది. చెంప చర్మంతో ముక్కును, చెవి తమ్మెను తిరిగి కట్టే విధానాన్ని సుశ్రుత సంహిత వివరించింది. మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దుల బండి తోలిన కవాస్జీ అనే మరాఠా, టిప్పు సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకున్నాడు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. మైనపు అచ్చును నుదుటి మీద పరిచి గీత గీసి, ఆ మేర చర్మాన్ని లేపి, కనుబొమల నడుమ సన్నని బంధాన్ని మాత్రం తెగకుండా ఉంచి కిందికి తిప్పి కుట్టాడు. అతికిన చోట రక్తం పారడం స్థిరపడ్డాకనే ఆ బంధాన్ని కోశారు. ఈ వృత్తాంతం 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది, దాన్ని అనుసరించి జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. పేరు కూడా నమోదు కాని ఆ పూనా వైద్యుడు ఈ చరిత్రలో అందరికంటే ముందు స్మరించదగినవాడు.

గొంతు విషయం ముక్కుకంటే కఠినమైంది. వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ 1873 డిసెంబరు 31న క్యాన్సర్ సోకిన స్వరపేటికను మొత్తంగా తొలగించాడు. ఆ శస్త్రచికిత్స తర్వాత మింగే గొట్టమైన గ్రసనిని కుట్టినచోట కుట్లు విడిపోతే లాలాజలం మెడ చర్మం గుండా బయటికి కారుతుంది. ఈ దారినే ఫిస్టులా అంటారు. లాలాజలం నిత్యం తడిపే గాయం కుళ్లుతుంది, ఆ కుళ్లు మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమనిని చేరితే ప్రాణమే పోతుంది. శస్త్రవైద్యుడు వూకీ 1942లో మెడ చర్మాన్నే లోపలికి మలిచి గ్రసనిని కట్టాడు. అయితే రేడియేషన్ తగిలిన మెడలో ఆ చర్మమే పనికిరాదు. పల్లెల్లో కరెంటు పెట్టడంగా పిలిచే రేడియేషన్ కణితిని చంపుతూనే సన్నని రక్తనాళాల లోపలి గోడలను మందం చేస్తుంది, కండను గట్టిపరుస్తుంది, ఆ మార్పు నెలలు, ఏళ్లు సాగుతుంది. తేమ ఆరిపోయిన చేనులో విత్తనం మొలవనట్టు, రక్తం ఆడని ఆ కండలో కుట్టు అతకదు.

అందువల్ల రేడియేషన్ సోకని చోటి కండ కోసం వైద్యులు మెడను దాటి కిందికి చూశారు. బకంజియన్ 1965లో రొమ్ము పైభాగపు చర్మాన్ని మెడకు తిప్పే పద్ధతిని వర్ణించాడు, కాని దానిలో కొన్ని వారాల తర్వాత రెండో ఆపరేషన్ తప్పేది కాదు. 1979లో స్టీఫన్ అరియాన్ రొమ్ము కండరాన్ని, దాని మీది చర్మాన్ని ఒకే ధమని మీద లేపి, జత్రుక ఎముక మీదుగా చర్మం కింది సొరంగం గుండా మెడలోకి తెచ్చాడు. ఒకే విడతలో పని ముగిసేది, సూక్ష్మదర్శిని అక్కర లేదు. ముంజేతి చర్మాన్ని (1981), తొడ చర్మాన్ని (1984) ధమనితో సహా పూర్తిగా వేరుచేసి మెడలోని నాళాలకు కుట్టే పద్ధతులు తర్వాత వచ్చాయి. పలుచని గొట్టం కట్టడానికి అవి మేలైనవే అయినా, వాటికి సూక్ష్మనాళాలను కలిపే నేర్పు, గంటల తరబడి థియేటరు, రేయింబవళ్ల కాపలా కావాలి. రొమ్ము కండ ఫ్లాప్ లావుగా ఉంటుంది, భుజం బలాన్ని కొంత తగ్గిస్తుంది. అయినప్పటికీ వేల మంది పేద రోగులను మోసే భారతీయ క్యాన్సర్ ఆసుపత్రులలో అసలు బరువు మోసినది అదే.

1991లో వెలువడిన అమెరికా వెటరన్స్ అధ్యయనం, 332 మంది రోగుల పరిశీలనలో కీమోథెరపీ, రేడియేషన్ పొందిన పక్షాన 64 శాతం మందికి స్వరపేటిక నిలిచిందని చూపింది. గొంతు నిలబెట్టే ఆ మార్గం మేలు చేసింది, కాని జబ్బు తిరగబెట్టినవారికి రేడియేషన్ తిన్న మెడలోనే ఆపరేషన్ చేయవలసి వచ్చి ఫిస్టులాలు పెరిగాయి. అందుకే ఇప్పుడు కుట్టు విడిపోయేదాకా ఆగకుండా, తాజా రక్తం గల కండను కుట్టు మీద మొదటే కప్పే పద్ధతి బలపడింది, ఫిస్టులాలను అది తగ్గిస్తుంది.

ఈ విద్య కంబదూరు వంటి మెట్ట మండలాలకు అందడానికి మాత్రం ఆలస్యమైంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955లో, బెంగళూరు కిద్వాయి సంస్థ 1973లో ఏర్పడినా, వర్షం మీద వేరుశనగ పండించే కుటుంబానికి బస్సు ఛార్జీ, కూలి నష్టం, ఆపరేషన్ ఖర్చు కలిసి భారమయ్యేవి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి, మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. క్యాన్సర్ శస్త్రచికిత్సలు, రేడియేషన్, కీమోథెరపీ ఆ పథకంలో చేరాయి. రేడియేషన్ పూర్తయిన మనిషికి మెడ మీద రంధ్రం పడి లాలాజలం కారినా, మింగుడు పడకపోయినా, చుక్క రక్తం కనిపించినా, ఊళ్లో కట్టుతో సరిపెట్టక వెంటనే క్యాన్సర్ శస్త్రవైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.