అబూ హింద్ ఇంటి సంబంధం



మదీనాలోని బనూ బయాదా తెగవారి ఆశ్రయంలో అబూ హింద్ (రజి) అనే సహాబీ ఉండేవారు. ఆయన వృత్తి హిజామా. ఆ పని చేసేవారిని ఆనాటి అరబ్బులు చిన్నచూపు చూసేవారు. దైవప్రవక్త (సఅసం) ఆయన చేత తమ శిరస్సున హిజామా చేయించుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. అబూ హింద్‌కు మీ పిల్లనివ్వండి, ఆయన ఇంటి పిల్లను మీరు చేసుకోండి అని బనూ బయాదా వారిని ఆదేశించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ ఉదంతం ఉంది.

దావూద్ (అ) ఇనుముతో కవచాలు చేశారని, జకరియ్యా (అ) వడ్రంగి అని, మన ప్రవక్త (సఅసం) మక్కావారి గొర్రెలను కూలికి కాశారని మనం మింబర్ల మీద నుండి తరచుగా వింటాం. వినడం సులభమే. బనూ బయాదా వారికి వచ్చిన ఆదేశం అంత సులభమైనది కాదు.

తరువాతి కాలపు ధర్మవేత్తలు తమ వృత్తుల పేర్లను దాచుకోలేదు. హిజ్రీ 261లో మరణించిన ఇమామ్ ఖస్సాఫ్ న్యాయమూర్తుల విధులపైనా, వక్ఫ్ నియమాలపైనా ప్రామాణిక గ్రంథాలు రచించిన హనఫీ పండితుడు. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆయనకు భుక్తి ఆ పనితోనే గడిచేది. మర్వ్ నగరపు షాఫియీ పండితుడు ఖఫ్ఫాల్ ముప్పై ఏండ్ల వయస్సు వచ్చేవరకు తాళాలు చేసి, ఆ తరువాతనే విద్యకు కూర్చున్నారు.

అయినా పెండ్లి అధ్యాయానికి వచ్చేసరికి ఫిఖ్‌హ్ గ్రంథాల స్వరం మారింది. హిజ్రీ 593లో మరణించిన మర్గీనానీ తమ 'హిదాయా'లో వధూవరుల సమానత్వానికి, అనగా కఫాఅత్‌కు, వృత్తిని కూడా లెక్కించాలన్న అభిప్రాయాన్ని నమోదు చేశారు. మరీ తక్కువ పనులకు ఉదాహరణగా హిజామా చేసేవాడిని, సాలెవాడిని, తోళ్ళు ఊనేవాడిని పేర్కొన్నారు. దానికి చూపిన కారణం ఆయతూ కాదు, హదీసూ కాదు. జనులు గొప్ప వృత్తులను చెప్పుకొని గర్విస్తారు, తక్కువ వృత్తులకు సిగ్గుపడతారు అన్నదే. లోకరీతే ఇక్కడ ప్రమాణమైంది. అయితే అదే గ్రంథం ఎదుటి వాదాన్నీ నిజాయితీగా వినిపించింది: వృత్తి మనిషిని అంటిపెట్టుకొని ఉండేది కాదు, దానిని విడిచి మరొకటి చేపట్టవచ్చు. ఇమామ్ మాలిక్ (రహ్) అయితే సమానత్వానికి ధర్మనిష్ఠనే ప్రధానంగా చూశారు.

మన తెలుగు నేలపైనా ఈ తూకం నడిచింది. దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల సోదరులను, తోటి ముస్లింలే తమలో ఒకరిగా ఎంచడానికి వెనుకాడిన ఊళ్ళున్నాయి. 2007 నాటి ఆంధ్రప్రదేశ్ రిజర్వేషన్ చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలను జాబితా చేసింది. అందులో ధోబీలు, హజామ్‌లు, కసబ్‌లతో పాటు అత్తరు సాయిబులూ ఉన్నారు. విచిత్రమేమంటే, హనఫీ గ్రంథాలలో అత్తరు వ్యాపారి సాలెవాడికంటే ఎంతో పైమెట్టున ఉన్నవాడు! ఒకచోట గొప్పదైన పని మరొకచోట ధోబీ పని పక్కన చేరింది.

వీరందరి భుజానికి భుజం ఆనించి మనం జుమా సఫ్‌లో నిలబడతాం. సంబంధం మాట వచ్చినపుడు మాత్రం "అబ్బాయి ఏం పని చేస్తాడు?" అన్న ప్రశ్నతో ఆగం. "వాళ్ళ తాతలు ఏం పని చేసేవారు?" అని కూడా అడుగుతాం.