ఇద్దరుంటే నడిచింది, మూడో మనిషి రాంగనే ఆగింది: బ్రౌజర్ వీడియో కాల్ వెనక కథ

పోస్టు పెద్దగ ఉంటది, ఓపికతోని చదవండి. కంప్యూటర్ బ్రాంచ్ వాళ్లకు కొన్ని సంగతులు తెలిసే ఉంటయి. మనలో ఎక్కువమందికి తెల్వదు. ఆరు నెలల కింద దాకా నాకు కూడ తెల్వదు.

నేను పాతబస్తీల గౌలిపుర దగ్గర హాస్టల్‌లో ఉంటున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోణ్ణి నేనే. చెల్లె ఉట్నూరు దిక్కు మా గూడెంలనే ఉండి పదో తరగతి చదువుతున్నది. లెక్కలంటే భయం. ఆదివారం రాత్రి నేను లింక్ పంపుత, తను నొక్కుతది, బ్రౌజర్‌లోనే క్లాస్. యాప్ ఎందుకు వద్దంటే ఫోన్ బాపుది, 2018ల కొన్నది, మెమరీ నిండిపోయింది. కొత్త యాప్‌కు జాగ లేదు. లింక్ పేజీ మా కాలేజీ సీనియర్ అన్న ప్రాజెక్టు కోసం తయారు చేసింది. చిన్న పేజీ, పాత ఫోన్లలో కూడ తెరుచుకుంటది.

రెండు వారాలు మంచిగనే నడిచింది. మూడో వారం పక్కింటి పిల్లగాడు ఇంకో ఫోన్ పట్టుకొని వచ్చి చేరిండు. వాడు రాంగనే చెల్లె ఫోన్‌ల బొమ్మ ఆగింది, మాట ఆగింది. వాడు బయటికి పోతే మళ్లీ వచ్చింది. మూడుసార్లు చేసి చూసినం, మూడుసార్లూ అంతే. ఆఖరికి "ఇయ్యాల నువ్వు పో తమ్మీ, వచ్చే వారం చూద్దాం" అన్న. వాడు ఏం అనకుండ పోయిండు. వాడి ఇంట్ల గూడ చెప్పేటోళ్లు ఎవరు లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

నెట్ స్లో ఉంది కావచ్చు అనుకున్న. కాదట. 2013ల ఎక్కడో ఇంజనీర్ల మధ్య జరిగిన పంచాయితీ ఒకటి ఇన్నేండ్లకు మా గూడెం దాకా వచ్చి తగిలింది. సీనియర్ అన్న చెప్పినంక నేను చదువుకుంట పోయిన. అదే రాస్తున్న.

ముందు ఒక సంగతి. ఇప్పుడు లింక్ నొక్కితే కెమెరా ఆన్ అవుడు మనకు మామూలే. 2011కు ముందు బ్రౌజర్‌కు కెమెరా అంటే ఏందో తెల్వదు, మైకు అంటే ఏందో తెల్వదు. వీడియోల మాట్లాడాలంటే స్కైప్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, లేకుంటే బ్రౌజర్‌కు ప్లగిన్ అని ఒక తోక తగిలించాలి. జీమెయిల్‌లో 2008లనే వీడియో చాట్ పెట్టిన్రు, దానికి గూడ ప్లగిన్ కావాలి. ఇంటర్నెట్ సెంటర్‌ల గంటకు ఇంత అని కట్టి కూసున్నోడికి ఆ కంప్యూటర్‌ల ప్లగిన్ వేసే హక్కు యాడ ఉంటది? ఫ్లాష్ ఉండె, కాని అది ఒక్క కంపెనీ చేతిల సొమ్ము. 2020 డిసెంబర్ 31తో దాని కథ ఒడిసింది.

మలుపు 2010ల వచ్చింది. గూగుల్ ఆ ఏడు రెండు కంపెనీలను కొన్నది. ఒకటి ఆన్2, వీడియోను చిన్నగ కుదించే పని వాళ్లది. వీపీ8 అనే పద్ధతి అక్కణ్ణుంచే వచ్చింది. రెండోది గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్, మాటను మోసే పని వాళ్లది. మనం మాట్లాడిన మాటే స్పీకర్‌ల నుంచి తిరిగి మైకులకు పోయి గూఁ అనకుండ ఆపుడు, వెనక చప్పుడు తగ్గించుడు, నెట్ తెగి తెగి వచ్చినా మాటను అతికించుడు. 2011ల గూగుల్ ఈ సొమ్మంతా ఎవరైనా వాడుకోవచ్చని బయట పెట్టింది. పేరు వెబ్‌ఆర్‌టీసీ.

(ఆ చప్పుడు తగ్గించే తెలివి మా మీదనే తిరగబడింది ఒకసారి. ఆషాఢంల లాల్ దర్వాజ బోనాలప్పుడు మా సందులకు డప్పులు వచ్చినయి. చెల్లె వింటా అన్నది. ఫోన్ కిటికీల పెట్టిన. "అన్నా ఏం వినొస్తలేదు" అంటది. డప్పును చెత్త చప్పుడు అనుకొని తీసేసినట్టుంది ఫోన్.)

గూగుల్ బయట పెడితే అయిపోలే. అన్ని బ్రౌజర్లు ఒప్పుకోవాలి. అందుకని 2011లనే రెండు పెద్ద సంఘాల్లో కమిటీలు కూసున్నయి. పేజీ రాసేటోడు ఏ మాటలతో కెమెరాను పిలవాలె అనేది డబ్ల్యూ3సీ చూసుకోవాలి. తీగ మీద ఒక బ్రౌజర్ ఇంకో బ్రౌజర్‌తో ఎట్ల మాట్లాడాలె అనేది ఐఈటీఎఫ్ చూసుకోవాలి.

ఇక్కడ మన ఇంద్రవెల్లి సంతను తలుచుకోండి. గోండి మాట్లాడే ముసలవ్వ ఇప్పపువ్వు తెస్తది. కొనేటోడు మరాఠీ. పక్కన లంబాడీ అన్న, ఎదురుంగ తెలుగు షావుకారు. బేరానికి ముందు ఎవరూ చెప్పకుండనే ఒకటి జరుగుతది: నీకు ఏ భాష వచ్చు, నాకు ఏ భాష వచ్చు, ఇద్దరికీ వచ్చేది ఏది. అది తేలినంకనే బేరం. బ్రౌజర్లు చేసేది అచ్చం ఇదే. కాల్ మొదలు కాకముందు ఒక బ్రౌజర్ చీటీ పంపుతది: "నాకు ఈ వీడియో పద్ధతులు వచ్చు, ఈ ఆడియో పద్ధతులు వచ్చు, నా చిరునామా ఇది." రెండోది జవాబు చీటీ పంపుతది. చీటీలు కలిస్తే కాల్ కలుస్తది. కలవకపోతే నల్ల తెర.

2013 ఫిబ్రవరిల క్రోమ్‌కు, ఫైర్‌ఫాక్స్‌కు మధ్య కాల్ కలిసిందని గూగుల్, మొజిల్లా రెండూ కలిసి ప్రకటించినయి. పోటీ పడే రెండు బ్రౌజర్లు ప్లగిన్ లేకుండ మాట్లాడుకున్నయి. కాని పేజీ రాసేటోళ్ల గోస చూడాలె. కెమెరాను పిలిచే మాటకు క్రోమ్ ముందట వెబ్‌కిట్ అని ఉండాలె, ఫైర్‌ఫాక్స్ ముందట మోజ్ అని ఉండాలె. ఒకే మనిషిని ఒక ఇంట్ల బావ అని, ఇంకో ఇంట్ల మామ అని పిలిచినట్టు. ఈ తేడాలన్నీ మింగి ఒకే మాటగ చూపెట్టేటందుకు అడాప్టర్ జేఎస్ అనే చిన్న ఫైల్ పుట్టింది. మా సీనియర్ అన్న పేజీల ఇప్పటికీ ఉంది అది.

అసలు లొల్లి వీడియో భాష మీద. గూగుల్ దగ్గర వీపీ8 ఉంది, పైసలు అడగరు. అటు హెచ్.264 ఉంది, ఫోన్లు, కెమెరాలు, టీవీలు అన్నిట్ల అదే, కాని దాని మీద ఎన్నో కంపెనీల పేటెంట్లు, వాడితే రుసుము కట్టాలె. మొజిల్లా లాంటి సంస్థ బ్రౌజర్‌ను ఉత్తగ ఇస్తది, కోట్ల కాపీలకు రుసుము ఎక్కడి నుంచి తెస్తది? ఇటు వీపీ8 మీద కూడ మా పేటెంట్ ఉంది, ఇయ్యం అని 2013ల నోకియా లేచింది. ఆ ఏడు అక్టోబర్‌ల సిస్కో ఒక మాట చెప్పింది: హెచ్.264 కోడ్ మేమే తయారు చేసి ఇస్తం, రుసుము మేమే కడతం, ఎవరైనా దింపుకోండి అని. అయినా నవంబర్‌ల వాంకోవర్ సమావేశంల తెగలే. ఇంకో ఏడాదికి, 2014 నవంబర్‌ల హొనలులుల రాజీ అయిన్రు: బ్రౌజర్ అన్నంక రెండూ రావాలె. ఆ రాజీ 2016 మార్చిల ఆర్ఎఫ్‌సీ 7742 పేరుతో రాతల కొచ్చింది.

సంతల పెద్దమనిషి తీర్పు లాగ ఉంది నాకు ఇది. ఎవరి భాషా గొప్పది కాదు, ఇద్దరూ రెండూ నేర్చుకోండి. బరువు పెరిగింది నిజమే. కాని ఎవర్నీ సంత బయటికి నెట్టలే.

మాట దగ్గర ఇంత గొడవ కాలే. ఓపస్ అనే పద్ధతి 2012 సెప్టెంబర్‌లనే ప్రమాణం అయింది, రుసుము లేదు. స్కైప్ వాళ్ల సిల్క్‌ను, జిఫ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల సెల్ట్‌ను కలిపి చేసిన్రు. సెకనుకు 6 కిలోబిట్ల దగ్గర కూడ మాట తెలుస్తది. మా గూడెంల సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు వీడియో ఆపేస్తే మాట నడుస్తదంటే దాని పుణ్యమే.

ఇగ మా చెల్లె ఫోన్ సంగతి. ఇద్దరు మాట్లాడుకుంటే చీటీల ఒక ఆడియో, ఒక వీడియో, అంతే. నలుగురుంటే? నాలుగు వీడియోలను చీటీల ఎట్ల రాయాలె? గూగుల్ వాళ్లది ప్లాన్ బీ అనే పద్ధతి: వీడియోలన్నీ ఒకే వరుసల రాసెయ్యాలె. మిగతావాళ్లు కాదన్నరు: ఒక్కో వీడియోకు ఒక్కో వరుస ఉండాలె. దాని పేరు యూనిఫైడ్ ప్లాన్, 2013ల కమిటీ దీని దిక్కే మొగ్గింది. ఫైర్‌ఫాక్స్ 2015ల మారింది. క్రోమ్ మాత్రం తన పాత పద్ధతిలనే నడుచుకుంట వచ్చి, 2019 జనవరిల 72వ వర్షన్‌తో మారింది. తీర్పు వచ్చినంక ఐదేండ్లకు పైనే.

ఇద్దరే ఉంటే రెండు పద్ధతులు ఇంచుమించు ఒకటే లెక్క, కాల్ కలుస్తది. మూడో వీడియో రాంగనే చీటీ చదవరాదు. సీనియర్ అన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న "చెల్లె క్రోమ్ నంబర్ ఎంత?" అని. ఫోన్ చేసి అడిగిన. "64" అన్నది. ఫోన్ కొన్న నాటిదే. మెమరీ లేక ఒక్కసారి కూడ అప్‌డేట్ కాలే. అంటే దానికి వచ్చింది ప్లాన్ బీ ఒక్కటే. పక్కింటి పిల్లగాడు రాంగనే కాల్ ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. వాడి తప్పు ఏం లేదు. చెల్లె తప్పూ లేదు. పెండ్లి వీడియోలు రెండు, ఇంకేవో పాటలు తీసేపిచ్చి అప్‌డేట్ చేపిచ్చిన. పెండ్లి వీడియోలు తీసినందుకు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలే, అది వేరే కథ.

మైక్రోసాఫ్ట్, ఆపిల్ కథ తొందరగ చెప్త. మైక్రోసాఫ్ట్ 2012ల నా పద్ధతి వేరే అని సొంత ప్రతిపాదన పెట్టింది, 2015ల ఎడ్జ్‌ల ఓఆర్‌టీసీ అని ఇంకో దారి తీసింది, ఆఖరికి 2020 జనవరిల క్రోమ్ పునాది మీదనే కొత్త ఎడ్జ్ కట్టుకున్నది. ఆపిల్ 2017 సెప్టెంబర్ దాకా రాలే. సఫారీ 11తో వచ్చినా హెచ్.264 ఒక్కటే తెచ్చింది. వీపీ8 రావడానికి 2019 పట్టింది. ఐఫోన్‌ల సఫారీ కాకుండ వేరే బ్రౌజర్ వాడితే కెమెరా తెరుచుకునుడు 2020 డిసెంబర్‌ల గాని మొదలు కాలే. మన దిక్కు ఐఫోన్ ఎవరి దగ్గర ఉంది అంటరా, నిజమే. కాని ఆ నెలలు గుర్తు చేసుకోండి, ప్రపంచమంతా ఇండ్లల్ల కూసొని కాల్ కలుస్తలేదని తల పట్టుకున్న నెలలు అవి.

మనకు ఆ నెలలు వేరే తీరుగ పోయినయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణల డిజిటల్ క్లాసులు అన్నరు. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్. టీవీల సార్ చెప్తడు, మనం వింటం. అర్థం కాకపోతే అడగడానికి దారి లేదు. రెండు దిక్కుల మాట పోయే సౌలత్ తయారయి అప్పటికే తొమ్మిదేండ్లు.

అదే ఏడు కేంద్ర ఐటీ శాఖ మన దేశపు వీడియో కాన్ఫరెన్స్ సాఫ్ట్‌వేర్ కోసం పోటీ పెట్టింది, ఏప్రిల్‌ల. ఎలాంటి ఫోన్ మీదనైనా నడవాలె, నెట్ బలంగ లేకున్నా నడవాలె అని షరతు. ఆగస్టుల ఫలితం వచ్చింది: కేరళ అలప్పుళకు చెందిన టెక్‌జెన్షియా గెలిచింది, కోటి రూపాయలు. ఇంకో మూడు కంపెనీలకు తలా 25 లక్షలు ఇచ్చిన్రు, అందుల ఒకటి మన హైదరాబాద్‌ది, పీపుల్‌లింక్. నేనుండే ఊర్లనే ఈ పని చేసేటోళ్లు ఉన్నరని నాకు ఇది చదివినంకనే తెలిసింది.

చీటీలు కలిసినా ఇంకో అడ్డం ఉంది. మొబైల్ నెట్‌ల, హాస్టల్ వైఫైల మన ఫోన్‌కు బయట కనపడే సొంత చిరునామా ఉండదు, ఎన్నో ఫోన్లు ఒకే చిరునామా వెనక దాగి ఉంటయి. స్టన్ అనే సర్వర్‌ను అడిగితే "బయటికి నువ్వు ఇట్ల కనపడుతున్నవ్" అని చెప్తది. దాంతో కలిస్తే మంచిది. కలవకపోతే టర్న్ అనే సర్వర్ నడుమ నిలబడి మొత్తం వీడియోను మోస్తది. మోసుడు అంటే ఖర్చు, రోజూ డేటా బిల్లు. ఉత్తగ ఇచ్చే చిన్న పేజీలు ఇక్కడనే చేతులెత్తేస్తయి. నేను హాస్టల్ వైఫైల కాకుండ మొబైల్ డేటా పెట్టి మెట్ల మీద కూసొని ఎందుకు చెప్తనో మా రూమ్మేట్ లంబాడీ తమ్ముడికి ఇప్పుడు తెలిసింది. ఇంతకుముందు ఏదో ప్రేమ వ్యవహారం అనుకున్నడు.

2021 జనవరి 26న డబ్ల్యూ3సీ, ఐఈటీఎఫ్ రెండూ ఒకేసారి వెబ్‌ఆర్‌టీసీని పూర్తి ప్రమాణం అని ప్రకటించినయి. మనకు గణతంత్ర దినం. మొదలుపెట్టి పదేండ్లు.

ఇట్లాంటి కమిటీల పేరు మనకు కొత్త కాదు. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన గోండి లిపి 2018 జూన్‌ల యూనికోడ్ 11ల చేరింది. పుస్తకంల చేరింది గాని, బాపు ఫోన్‌ల ఆ అక్షరాలు పంపితే ఇప్పటికీ డబ్బాలు కనపడుతున్నయి. ప్లాన్ బీ తీర్పు 2013ల వచ్చి, చెల్లె ఫోన్‌కు పోయిన నెల చేరినట్టే.

పక్కింటి పిల్లగాడు వచ్చిండు మళ్లీ. ఇప్పుడు ఐదుగురు అయిన్రు. మీ ఊర్ల నుంచి కూడ పదో తరగతి పిల్లలు ఎవరన్నా చేరతా అంటే ముందు ఒక పని చెయ్యండి: క్రోమ్‌ల పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, అట్టడుగున క్రోమ్ గురించి అని ఉంటది. అక్కడ నంబర్ 72 కన్న తక్కువ ఉంటే అప్‌డేట్ చేసి, అప్పుడు నాకు రాయండి. లింక్‌ను చాటింగ్ యాప్ లోపలనే తెరవకండి, అక్కడ చానాసార్లు కెమెరా రాదు; కాపీ చేసి క్రోమ్‌ల పెట్టండి. ఆదివారం రాత్రి ఏడున్నరకు. ఈ వారం త్రికోణమితి.