జీపు మీద మూరెడు కడ్డీ

మూడు వందలని మెగాహెర్ట్‌జ్‌ల సంఖ్యతో భాగిస్తే రేడియో తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. అందులో నాలుగో వంతు పొడవున్న కడ్డీని బండి మీద నిలబెడితే అది యాంటెన్నా. పోలీసు వైర్‌లెస్ నడిచే వీహెచ్ఎఫ్‌లో, 160 మెగాహెర్ట్‌జ్ దగ్గర, ఆ కడ్డీ పొడవు 47 సెంటీమీటర్లు. ఇంచుమించు మూరెడు. అమెరికా ట్రక్కు డ్రైవర్లు వాడిన సిటిజన్స్ బ్యాండ్‌కి, అంటే 27 మెగాహెర్ట్‌జ్‌కి, దాదాపు 2.78 మీటర్లు. ఆరు మూరలు. కరీంనగర్, ఆదిలాబాద్ మట్టిరోడ్ల మీద ఒక తరం చూసింది మూరెడు కడ్డీనే. ఆరు మూరలది ఆ దారిన ఎందుకు రాలేదన్నది చిన్న ప్రశ్నే గానీ, దాని వెనక చాలా చరిత్ర ఉంది.

ముందు అమెరికా సంగతి. 1958లో అక్కడి ప్రభుత్వం 27 మెగాహెర్ట్‌జ్ దగ్గర 23 ఛానెళ్ళని మామూలు జనానికి వదిలేసింది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది, ఆ వెంటనే హైవేల మీద గంటకి 55 మైళ్ళ పరిమితి పెట్టారు. ట్రక్కు డ్రైవర్లు సీబీ సెట్లు బిగించుకుని, డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసు ఎక్కడ పొంచి ఉన్నాడో ఒకరికొకరు చెప్పుకున్నారు. 1975లో దాని మీద 'కాన్వాయ్' అనే పాట వచ్చింది, 1978లో అదే పేరుతో సినిమా కూడా. 1977కల్లా ఛానెళ్ళు 40 అయ్యాయి. నాకు ఆసక్తిగా అనిపించేది మాట వెళ్ళే దిక్కు. అక్కడ జనం గాలిలో పోలీసుల గురించి మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మన దగ్గర పోలీసులు గాలిలో జనం గురించి మాట్లాడుకున్నారు.

చట్టం ముందునుంచీ అలాగే ఉంది మరి. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం తీగ మీద పోయే కబురు సర్కారు సొత్తు. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకో అడుగు వేసింది: లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. మాట్లాడటం దాకా ఎందుకు, వినడానికీ అనుమతి కావాలి. 1980ల మధ్య వరకూ ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకి వెళ్ళి ఏటేటా లైసెన్సు కట్టాల్సిందే. పాత ఇళ్ళ ట్రంకుపెట్టెల్లో ఆ స్టాంపుల పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. హాం రేడియో అనే ఒక సందు ఉండేది, 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో కూడా మొదలైంది. కానీ దానికి పరీక్ష రాయాలి. జమ్మికుంట మార్కెట్‌కి పత్తి తోలే లారీ డ్రైవర్‌కి అది అందేది కాదు.

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కలో 13 మంది, హక్కుల సంఘాల లెక్కలో దానికి ఎన్నో రెట్లు. ఈ దశాబ్దాల్లో ఊళ్ళోకి వచ్చిన రాజ్యం ఆకారం జీపు. 1947 నుంచి మహీంద్రా వాళ్ళు విల్లీస్ నమూనాలో బిగించిన ఆ బండే, మూడు నాలుగు పేర్లు మార్చుకుని, పంచాయతీ సమితికీ అటవీశాఖకీ పోలీసుకీ సరిపోయింది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. తేడా తెలిసేది కడ్డీతోనే.

ఆ కడ్డీని జీపుకి బిగించడం అనుకున్నంత సులువు కాదు. పావు తరంగం యాంటెన్నా ఒంటరిగా పని చేయదు. కింద పరచుకున్న ఇనుము దానికి అద్దంలా ఉండి, మిగతా సగం తానవుతుంది. అందుకే అంబాసిడర్ కారు వంటివాటికి టాప్ మధ్యలో రంధ్రం చేసి పెడితే అన్ని దిక్కులకీ సమానంగా పోతుంది. జీపుకి టాప్ ఎక్కడిది? కాన్వాస్. గుడ్డ మీద కడ్డీ పెడితే తరంగానికి కింద ఏమీ దొరకదు. కాబట్టి వెనక మూలకో, బానెట్ పక్కన మడ్‌గార్డ్‌కో బిగించాలి. అప్పుడు ఇంకో చిక్కు. ఇనుము ఎటువైపు ఎక్కువగా ఉంటే మాట అటువైపు బలంగా పోతుంది. వెనక ఎడమ మూలన కడ్డీ ఉన్న బండి, ముందు కుడి దిక్కుకి బాగా వినిపిస్తుంది, మిగతా వైపులకి తక్కువ. సిగ్నల్ అందకపోతే బండిని కొంచెం తిప్పి నిలబెట్టి మళ్ళీ ప్రయత్నించడమే. అది చాదస్తం కాదు, భౌతికశాస్త్రం.

కరీంనగర్ వైపు నేల చదును, మధ్యమధ్య నల్లరాతి గుట్టలు. పోలీస్ స్టేషన్ పక్కన ఎత్తయిన ఇనుప స్తంభం నిలబెడితే జీపు మాట అందుకుంటుంది. నిర్మల్ ఘాట్ దాటాక అలా కుదరదు. వీహెచ్ఎఫ్ మాట చూపు మేరకే పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. అందుకే ఎత్తు మీద రిపీటర్ పెట్టాల్సి వస్తుంది. కెరమెరి ఘాట్ లాంటి చోట లోయలోకి దిగిన జీపు ఎంత ఆయుధాలతో ఉన్నా కాసేపు మూగదే.

ఆ తర్వాత కడ్డీ ఎదురు తిరిగింది. 1980ల చివర నుంచి కల్వర్టుల కింద, మట్టిరోడ్ల కింద మందుపాతరలు పేలడం మొదలయ్యాక, దూరం నుంచే గుర్తుపట్టగల బండి అంటే లక్ష్యం. భయపెట్టడానికి పనికొచ్చిన గుర్తే ప్రాణం మీదికి తెచ్చింది. పోలీసులు మామూలు బట్టల్లో, ప్రైవేటు బండ్లలో, ఆర్టీసీ బస్సుల్లో తిరగడం మొదలుపెట్టారు. 1989లో కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో వచ్చిన గ్రేహౌండ్స్ అడవిలో నడిచే పోయేది. దాంతో ఊళ్ళకి కొత్త ఇబ్బంది వచ్చింది. కడ్డీ ఉన్న జీపు వస్తే కనీసం ఎవరో తెలిసేది. ఏ కడ్డీ లేని జీపు రాత్రిపూట వస్తే అది పెళ్ళివాళ్ళదా, పోలీసులదా, అన్నలదా? ఈ ప్రాంతం నుంచి వచ్చిన కథల్లో జీపు చప్పుడు చాలాసార్లు విన్నాను. నేను చదివినంతలో ఆ కడ్డీ మీద చూపు నిలిపిన కథ మాత్రం తగల్లేదు. చప్పుడుకి భయం ఎక్కువ, నిజమే. కానీ చూసి పోల్చుకునే వీలు పోవడం ఇంకో రకం భయం. ఎవరైనా రాసి ఉంటే చదవాలని ఉంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఉట్నూరు దారిలో పదిహేను మందిని ఎక్కించుకుని తిరిగే కమాండర్ జీపులు, ట్రాక్స్‌లు కూడా ఉన్నాయి. నిజానికి సీబీ అవసరం వాటిదే. వాగు పొంగిందనో, ముందు బండి దిగబడిందనో చెప్పాలంటే ఎదురొచ్చే బండిని ఆపి పక్కపక్కన నిలబెట్టి మాట్లాడుకోవాలి. అదీ కుదరకపోతే లైట్లు కొట్టాలి.

చివరికి 2005లో కేంద్రం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్‌జ్ వరకూ, 5 వాట్ల లోపు, లైసెన్సు అక్కర్లేదంది. అమెరికా జనానికి ఇచ్చిన 47 ఏళ్ళకి. అప్పటికే జేబుల్లో మొబైల్ ఫోన్లు వచ్చేశాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. విదేశీ 40 ఛానెళ్ళ సెట్‌లో 27వ ఛానెల్ 27.275 దగ్గర, 28వది 27.285 దగ్గర ఉంటాయి. అంటే మన చట్టం 27తో ఆగిపోతుంది. 28 నొక్కితే మళ్ళీ 1933లోకి వెళ్ళినట్టే. (2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది లెండి.) సెట్‌కి కేంద్ర వైర్‌లెస్ విభాగం ఆమోదం కూడా ఉండాలి.

ఇప్పుడు వారాంతాల్లో థార్‌లు వేసుకుని ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్ళే మా సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో ఇద్దరికి ఈ పిచ్చి పట్టింది. లోపలికి వెళితే ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పూర్తిగా పిచ్చి అనలేను. ఆరు మూరల కడ్డీ టేకు కొమ్మల కింద బతకదు. అందుకని లోపల తీగ చుట్టిన నాలుగడుగుల ఫైబర్ కడ్డీ తీసుకున్నారు. పొట్టిది కాబట్టి కొంత శక్తి వేడిగా పోతుంది, తప్పదు. అడుగున స్ప్రింగ్ పెడితే కొమ్మ తగిలినా వంగి లేస్తుంది. స్టెప్నీ పట్టీకి బిగించారు గానీ, వెనక డోర్ కబ్జాల దగ్గర పెయింట్ వల్ల ఇనుముకి ఇనుము సరిగ్గా తగల్లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ మూడు దాటింది. పెయింట్ గీకి, అల్లిన రాగి పట్టీతో డోర్‌ని బాడీకి కలిపాక ఒకటిన్నరకి దిగింది. రెండు బండ్ల మధ్య నాలుగైదు కిలోమీటర్లు మాట తెగలేదు.

జోడేఘాట్ దారిలో టీకి ఆగినప్పుడు ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి, కడ్డీని కింద నుంచి పైదాకా చూసి, "ఏ డిపార్ట్‌మెంట్ సార్ మీది?" అని అడిగాడట. ఏ డిపార్ట్‌మెంటూ కాదు తాతా, ఊరికే తిరగడానికి వచ్చినం అని చెప్పారు వీళ్ళు. ఆయన నమ్మలేదు. టీ డబ్బులు ఇస్తుంటే దుకాణం అతను కూడా తీసుకోనన్నాడు.