ముక్కు శుభ్రత: వజూ నీటి నుంచి ఉప్పు నీటి వరకు

వజూ చేసేటప్పుడు కుడిచేత్తో ముక్కులోనికి నీరు పీల్చి, ఎడమచేత్తో చీదడం మన ఇండ్లలో ఏడేండ్ల పిల్లవాడికి కూడా వచ్చు. అరబ్బీలో దీనిని ఇస్తిన్షాఖ్ అంటారు. పీనసతో బాధపడేవారిని డాక్టర్లు ఉప్పు నీటితో ముక్కు కడుక్కోమంటున్నారు. అది విని మనవాళ్ళు “ఇది మనకు పధ్నాలుగు వందల ఏండ్లుగా ఉన్నదే గదా” అని సంతోషిస్తున్నారు. సంతోషం సరే. కాని రెండూ ఒకటి కావు. ఆ తేడా తెలియనందువల్ల ప్రాణాపాయం కూడా కలుగవచ్చును గనుక ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

లఖీత్ బిన్ సబిరా అనే సహాబీకి ప్రవక్త (స) వారు వజూ గురించి బోధించిన విషయం అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది. ముక్కులోనికి నీరు బాగా ఎక్కించాలని, రోజాలో ఉంటే మాత్రం అట్లా చేయవద్దని దాని సారాంశం. మన హనఫీలకు ఇది వజూలో సున్నత్, గుసుల్‌లో ఫర్జ్. షాఫయీలకు రెండింటా సున్నతే. హంబలీలు రెండింటా తప్పనిసరి అంటారు. ఎవరి మాట ఎట్లున్నా ఇది తహారత్ కోసం, నమాజు కోసం చేసే పని. జబ్బుకు మందుగా చెప్పినది కాదు, ఇందులో ఉప్పు ప్రసక్తీ లేదు.

మందు సంగతి హకీములది. ఇబ్న్ సీనా (980–1037) పేరుమీద నడుస్తున్న యునానీ వైద్యంలో పడిశానికి నజ్లా, జుకాం అని రెండు పేర్లున్నాయి. మన ముసలమ్మలు ఇప్పటికీ నజ్లా అనే అంటారు. ముక్కులో చుక్కలు వేయడాన్ని సఊత్, ద్రవాన్ని పీల్పించడాన్ని నషూఖ్, ఆవిరి పట్టడాన్ని ఇంకిబాబ్ అన్నారు. అంటే వజూ నీరు వేరు, ముక్కు వైద్యం వేరు అని ఆనాడే మన హకీములకు తెలుసునన్నమాట.

ఇక యోగులు చేసే నేతి క్రియ. ఇదంతా కొమ్ము చెంబుతో ఉప్పు నీరు పోసుకోవడమే అనుకుంటాము. హఠయోగ ప్రదీపికలో చెప్పిన నేతి నీటితో కాదు, దారంతో! జానెడు నూలు దారాన్ని ముక్కులోంచి ఎక్కించి నోటిలోంచి తీయాలి. ఘేరండ సంహితలో దారం నేతితోపాటు ముక్కుతో నీరు పీల్చి నోటితో వదిలే పద్ధతి కూడా ఉన్నది, అయితే దానిని కపాలభాతి కింద చెప్పారు. కాబట్టి “మాది ముందా, మీది ముందా” అని వాదులాడుకోవడం దండుగ అని మా అభిప్రాయం.

పాశ్చాత్య వైద్యంలో దీనికి ప్రచారం తెచ్చినవాడు జర్మనీలో పుట్టి లండనులో స్థిరపడిన థూడిఖుమ్ అనే డాక్టరు, 1860లలో. ఉప్పు ఎందుకంటే, మన రక్తంలో ఉన్నంత ఉప్పదనం, అనగా లీటరుకు సుమారు 9 గ్రాములు, నీటిలో ఉంటే ముక్కు లోపలి పొర మండదు. వట్టి నీరయితే ఆ పొరలోని కణాలు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, చురుక్కుమంటుంది. ఉప్పు నీరు చీమిడిని పలచన చేసి కదిలిస్తుంది. బహుకాలపు పీనసలో కొంత ఉపశమనం కలుగుతున్నది. అసలు పీనసే రాకుండా ఆపుతుందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. 1965లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరపు డాక్టరు ఫౌలర్, తన సహచరుడు కార్టర్‌తో కలిసి, మెదడును దెబ్బతీసే ఒక అమీబా జబ్బును వెల్లడించాడు. ఆ అమీబాకు తర్వాత నేగ్లేరియా ఫౌలెరీ అని ఆయన పేరే పెట్టారు. అది ఉన్న నీరు తాగితే ఏమీ కాదు. ముక్కులో పైకి ఎక్కితేనే వాసన నరం వెంట మెదడుకు పాకుతుంది. పట్టుకుంటే బతికేవారు బహు అరుదు. కరాచీలో 13 మందికి ఈ జబ్బు వచ్చింది. వారెవరూ ఈతకు పోయినవారు కారు. కుళాయి నీటితో వజూ చేయడమే కారణమై ఉంటుందని 2011లో అక్కడి డాక్టర్లు ప్రకటించారు. క్లోరిన్ తగ్గడం, పైపులు పాడవడం, ఎండలు పెరగడం దీనికి దోహదం చేసి ఉండవచ్చునన్నారు. అదే 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటిని నేతి చెంబులో పోసుకున్న ఇద్దరు మరణించారు. 2012లో వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్‌లో వజూతో ముడిపడిన మరణం ఒకటి నమోదయింది. అమీబాకు మజ్‌హబ్ తెలియదు!

ఇది వెచ్చని మంచినీటి జీవి, 46 డిగ్రీల వేడిలో కూడా పెరుగుతుంది. వేసవిలో మన మసీదు మిద్దెల మీది ట్యాంకులు ఎంత కాగుతాయో చెప్పనక్కరలేదు. జబ్బు చాలా అరుదన్న మాట నిజమే గాని, ట్యాంకును కడిగించి క్లోరిన్ వేయించడానికి అయ్యే ఖర్చెంత? మసీదు కమిటీలవారు వేసవికి ముందే ఈ పని చూడాలి. వజూలో నీటిని ముక్కు మెత్తని భాగం వరకే తీసుకుంటే ఇస్తిన్షాఖ్ నెరవేరుతుంది. రోజాలో లోతుగా పీల్చవద్దన్నారంటే, లోతు లేకపోయినా వజూ కుదురుతుందనే గదా. కాచి చల్లార్చిన నీరు కూడా పాక్ నీరే.

పీనసకని కడుక్కునేవారు నీటిని ఒక నిమిషం తెర్లకాచి, గోరువెచ్చగా చల్లార్చి, అర లీటరుకు చదునుగా ఒక టీ చెంచా శుభ్రమైన ఉప్పు కలపాలి. తల పక్కకు వంచి, నోటితో ఊపిరి తీస్తూ, పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. బలంగా చీదితే నీరు చెవిలోకి పోతుంది గనుక మెల్లగా చీదాలి. చెవిపోటు ఉన్నవారు డాక్టరును అడగనిదే చేయరాదు. చెంబును కూడా ఆ కాచిన నీటితోనే కడిగి, బోర్లించి ఆరబెట్టాలి.