కరువు కాలువ గట్టున నిలిచిన సంఘం

ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర రాసేవాళ్లందరూ ప్రార్థన కొండ దగ్గరే మొదలుపెడతారు. 1854 జనవరి 1న పొద్దు పొడవకముందే ఆ కొండెక్కి మోకరించినవాళ్లు అయిదుగురు. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు నుంచి వెంట వచ్చిన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో బాప్టిస్టు పెద్దలు ఈ తెలుగు మిషన్ను ఉంచుదామా, ఎత్తేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. 1836లో శామ్యూల్ డే మొదలుపెట్టిన సేవకు పదిహేడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేకపోయింది. ఆ అయిదుగురూ ఎదురుగా కనబడుతున్న ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు.

వాళ్లు అడిగిన సేవకుడు, జాన్ ఇ. క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. దానికి ఊపిరి పోసినవాడు మాత్రం తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటి దిక్కున తాళ్లకొండపాడు ఆయన ఊరు. అంతకు ముందే గురువుల దగ్గర రాజయోగం అభ్యసించిన మనిషి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట చెవినబడింది. సంఘం ఏర్పడిన ఆ జనవరిలోనే తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. అందరూ మాదిగవారే.

తొలి పరీక్ష అక్కడే ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రాలేమని పట్టణంలోని అగ్రకులాలవారు తేల్చి చెప్పారు. ఎటూ తోచక క్లౌ దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరో గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం ఇద్దరి కంటా పడిందట. లోకం లెక్కచేయనివాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. దాంతో సందేహం తీరింది. పేరయ్య మనుషులకు తలుపు తెరుచుకుంది, పట్టణ పెద్దలు దూరమయ్యారు.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఆదివారం పొలానికి రానంటే రైతుకు కోపం, జాతరలో డప్పు కొట్టనంటే ఊరికి కోపం. ఏడాది పొడుగునా చాకిరీ చేస్తే పంటవేళ దక్కే గింజలే ఆధారమైన కుటుంబానికి ఊరి కోపం అంటే పస్తే. అయినా ఈ నియమాలకు కట్టుబడ్డారంటే, వాళ్లు పొందిన శాంతి సుఖంలోంచి వచ్చింది కాదు.

ఆ తరువాత వచ్చింది 1876 నాటి ధాత కరువు. వానలు మొహం చాటేశాయి. పల్లెల్లో గింజ కరువైంది, వెనకాలే కలరా వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్లకు మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పని చూపింది. పనులు జరిగే చోట్ల కూలీలను అదిలించి, అవమానించేవాళ్లు ఎక్కువ. తన సంఘస్థులు ఆ పాట్లు పడకూడదని క్లౌ స్వయంగా మూడు మైళ్లకు పైగా కాలువ తవ్వే కాంట్రాక్టు పుచ్చుకున్నారు. కుర్రతనంలో అమెరికాలోని మిన్నెసోటాలో భూముల సర్వే బృందంతో తిరిగిన అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది.

మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టారు. పలుగు, పార, తట్ట ఎన్నడూ పట్టనివాళ్లు కూడా చెప్పులు కుట్టిన చేతులతో మట్టి ఎత్తారు. మధ్యాహ్నం పని ఆపి నీడన కూలబడ్డప్పుడు, పొద్దుగూకి పాకలకు చేరినప్పుడు బోధకులు వాళ్ల మధ్యకు వచ్చి కూర్చునేవారు. అన్నింటికన్నా ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం. ప్రయాసపడి భారం మోసేవాళ్లను ప్రభువు విశ్రాంతికి పిలిచే మాట అది. తట్ట అప్పుడే దించినవాడికి ఆ వచనానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఊరూరా చెదిరిపోయిన జనానికి కాలువ గట్టు కూలి ఇచ్చింది, ఒక తోడునూ ఇచ్చింది.

అయితే ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచేది వేరే ఉంది. కరువు సాయం అందుతున్నన్నాళ్లూ, పదిహేను నెలల పాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. గింజల కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలాలంటే గింజలు ఆగిపోవాలి. 1878 జూన్‌లో సాయం ముగిసింది, ఇక డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లమని చెప్పారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర చేరిన జనం కదల్లేదు. మేం డబ్బు కోసం రాలేదు, కష్టపడి బతుకుతాం, మమ్మల్ని చేర్చుకోండి అన్నారు.

బోధకులు ఊరివారీగా ఒక్కొక్కరినీ విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున, అలసిపోతే మారుతూ, నీళ్లలో నిలబడ్డారు. క్లౌ ఒడ్డునే ఉండి విచారణ కాకుండా ఎవరూ నీళ్లలో దిగకుండా చూశారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య తొమ్మిదిన్నర వేలు దాటింది.

బువ్వ కోసం మతం పుచ్చుకున్నారన్న మాట అప్పుడూ వినబడింది, ఇప్పటికీ వినబడుతుంది. వేల మంది గుండెల్లో ఏముందో ఎవరూ తూచలేరు. కానీ సాయం ముందు ఆగింది, బాప్తిస్మం తరువాత వచ్చింది. ఈ క్రమమే ఆ మాటకు జవాబు. ఆ వచ్చినవాళ్ల పిల్లలకు బడులు కావలసి వచ్చాయి, సంఘాలకు కాపరులు కావలసి వచ్చారు. 1872లోనే రామాయపట్నంలో మొదలైన వేదాంత పాఠశాల, ఒంగోలు హైస్కూలు, క్లౌ పేరు మీద వెలసిన ఆస్పత్రి ఆ అవసరంలోంచే ఎదిగాయి. పలకబలపం ఎరగని వాడల నుంచి పంతుళ్లు, నర్సులు వచ్చారు.

సంఘానికి వయసు వచ్చింది, ఆస్తులు వచ్చాయి. వాటితోపాటు ఆ పదిహేను నెలల నిగ్రహాన్నీ వారసత్వంగా లెక్కవేసుకోవాలి. తుఫాను సాయమైనా, ఆస్పత్రి ఖర్చయినా, పిల్లవాడి ఫీజయినా చెయ్యి చాచినవాణ్ణి ఏ గుడికి పోతావని అడగకుండా ఇవ్వాలి. దేవుడి మాట అడిగినవాడికి తీరిక చేసుకుని చెప్పాలి. ఈ రెంటినీ ముడిపెట్టకపోవడం వల్లనే మన పెద్దల సాక్ష్యానికి విలువ వచ్చింది.