చేపలతొట్టికి కరెంటు తగిలిన కథ

1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీ నుంచి కొన్ని బతికున్న పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. సముద్రం ఎక్కడో ఉంది, తెచ్చుకున్న నీళ్లు పాడైతే మళ్లీ తేవడం కష్టం. ఉన్న నీటికే గాలి తగిలించాలి. ఆ పని ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద పడింది. తెరిచిన కిటికీ ముందు నిలబడి, రోజూ అరగంటో ముప్పావుగంటో, హోటల్లో టీ చల్లార్చినట్టు ఆ నీళ్లను ఈ పాత్రలోంచి ఆ పాత్రలోకి పోస్తూ ఉండాలి. పగడాలు ఏళ్ల తరబడి బతికాయి. పేరు మాత్రం యజమానురాలికే దక్కింది. నన్నడిగితే చేపలతొట్టికి మొదటి ఎయిర్ మోటారు ఆ అమ్మాయి చేతులే. ఇప్పుడు అదే పని నాలుగు వాట్ల మోటారు ఇరవైనాలుగు గంటలూ చేస్తుంది. రోజుకు దాని ఖర్చు యూనిట్‌లో పదోవంతు.

నిజానికి అక్వేరియం కరెంటుతో పుట్టలేదు. చైనాలో బంగారు చేపలను కొలనుల్లో, కుండీల్లో వందల ఏళ్లుగా పెంచుతూనే ఉన్నారు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ విల్‌ప్రూ పవర్ 1832లో సిసిలీలో సముద్రజీవులను గాజుతొట్లలో ఉంచి పరిశీలించింది. లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో అసలు కిటుకు బయటపెట్టాడు. తొట్టిలో రెండు బంగారు చేపలు, మన చెరువుల్లోనూ కనిపించే వాలిస్నేరియా మొక్క వేశాడు. ముదిరిన ఆకులు కుళ్లి నీళ్లు మురికి పట్టడంతో, వాటిని తినడానికి నత్తలను దించాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప వదిలింది మొక్క తీసుకుంటుంది, మిగిలినదాని సంగతి నత్త చూసుకుంటుంది. నీళ్లు మార్చకుండానే నెలలు గడిచాయి. ఈ ఏర్పాటుకు కావలసిన శక్తంతా కిటికీలోంచి వచ్చే ఎండే. దానికి బిల్లు రాదు.

బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు, పలకలు చవకయ్యాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల మందిరం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ఇంటింటా ఈ పిచ్చి పట్టుకుంది. జనం సముద్రతీరాల్లోని రాళ్ల సందులన్నీ ఊడ్చేశారు. తండ్రి పుస్తకం వల్ల జరిగిన ఈ విధ్వంసాన్ని గాస్ కొడుకే తర్వాత రోజుల్లో బాధపడుతూ రాసుకున్నాడు.

వారింగ్టన్ లెక్కలో ఒక షరతు ఉంది: చేపలు కొన్నే ఉండాలి. అక్కడే ఎవరికీ మనసొప్పలేదు. ఇంకో రెండు చేపలు, ఇంకా రంగురంగులవి, ఇంకా దూరదేశాలవి కావాలి. మొక్క చాలకపోతే యంత్రం రావలసిందే. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఆవిరి యంత్రాలతో సముద్రపు నీటిని రాత్రింబవళ్లు తిప్పించాడు. ఇళ్లలో అంత హంగు లేదు. ఉష్ణదేశాల చేపలకు వెచ్చదనం కోసం తొట్టికి లోహపు అడుగు వేసి, కింద గ్యాసు మంటో నూనె దీపమో పెట్టేవారు. కాస్త ఏమరితే చేపల పులుసే. 1900 తర్వాత, కుళాయి నీటి ధారతో నడిచే గాలి పంపులూ వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పాశ్చాత్య దేశాల్లో ఇళ్లకు కరెంటు తీగలు చేరాకే దీపం, హీటరు, మోటారు ఒకే ప్లగ్గు దగ్గరికి వచ్చాయి. 1938లో ట్యూబ్‌లైటు అమ్మకానికి రావడంతో తొట్టికి కిటికీతో పని తీరింది. గదిలో ఏ చీకటి మూలనైనా పెట్టుకోవచ్చు.

మన షాపుల్లో దొరికే చిన్న ఎయిర్ మోటారు మూత విప్పి చూడండి. లోపల ఒక రాగితీగ చుట్ట, చివర అయస్కాంతం బిగించిన చిన్న చెయ్యి, దానికి తగిలించిన రబ్బరు కప్పు. అంతే. మన కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ చెయ్యీ అలాగే కొట్టుకుంటుంది. రాత్రి పడకగదిలో వినిపించే ఆ గుయ్‌మనే చప్పుడు అదే. రబ్బరు చీలితే గాలి తగ్గుతుంది, కరెంటు మాత్రం తగ్గదు. ఇంకో సంగతి, బుడగలోంచి నీళ్లలోకి దిగే గాలి తక్కువే. బుడగలు పైకొచ్చి నీటి పైభాగాన్ని కదిలిస్తాయి కదా, ఎక్కువ ప్రాణవాయువు చేరేది అక్కడే. అందుకే కరెంటు పోయినప్పుడు చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోసినా పని జరుగుతుంది.

ఇక బిల్లు. రెండడుగుల మామూలు తొట్టి తీసుకుందాం. పది వాట్ల ఫిల్టరు నెలంతా తిరిగితే ఏడు యూనిట్ల పైచిలుకు. నాలుగు వాట్ల ఎయిర్ మోటారు మూడు యూనిట్లు. పన్నెండు వాట్ల ఎల్‌ఈడీ రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే ఇంకో మూడు. మొత్తం పదమూడు. దీపం ఆర్పుకోవచ్చు గానీ ఫిల్టరు ఆపకూడదు. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరులోని స్పాంజిలోనే కాపురముంటాయి, పారే నీళ్లు లేకపోతే గంటల్లో వాటికి ఊపిరాడదు. పొదుపని రాత్రిళ్లు ఫిల్టరు కట్టేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొక్కలు కూడా ప్రాణవాయువు పీల్చుకునే వేళ అది.

పదమూడు యూనిట్లు పెద్ద లెక్క కాదు, అవి ఏ స్లాబులో పడతాయన్నదే లెక్క. ఆంధ్రాలో 30 యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ రెండు రూపాయల లోపే, 400 దాటాక అదే యూనిట్ తొమ్మిది రూపాయల పైమాట. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం. అలా నెలకు 190 వాడే ఇంట్లో ఈ తొట్టి పెడితే 203 అవుతుంది, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. అక్కడ చేపల ఖర్చు పదమూడు యూనిట్లు కాదు, 203.

చలిదేశాల్లో బిల్లు పెంచేది హీటరు. వంద లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి యూనిట్‌లో దాదాపు తొమ్మిదో వంతు పడుతుంది, గది చల్లగా ఉన్నంతసేపూ ఆ వేడి జారిపోతూనే ఉంటుంది. గప్పీ, మోలీ, ఏంజెల్ లాంటివాటికి మన వాతావరణమే చాలు. హైదరాబాదులో మాత్రం సంక్రాంతి ముందు రాత్రుల్లో హీటరు రాడ్డు కావాలి, లేకపోతే చేపల ఒంటి మీద తెల్లమచ్చలు తేలొచ్చు. విజయవాడలో ఆ రాడ్డు చాలామందికి అటక మీదే ఉంటుంది. మనకు ఖర్చు పెట్టించేది దానికి తలకిందులు, పగడాల తొట్టి. వేసవిలో నీళ్లు చల్లబరచడానికి చిల్లరు కావాలి, దానిముందు ఫిల్టరూ మోటారూ లెక్కలోకే రావు.

1980ల నుంచి జపాన్‌లో తకాషి అమానో మొక్కలతో నింపిన తొట్లకు మళ్లీ మోజు తెచ్చాడు. అయితే ఈసారి మొక్కలు ఎండతో పెరగలేదు. బలమైన మెటల్ హలైడ్ దీపాలు, నీళ్లలోకి సిలిండరు నుంచి కార్బన్ డయాక్సైడు. వారింగ్టన్ కిటికీ దగ్గర పైసా ఖర్చు లేకుండా పెంచిన పచ్చదనానికి ఒక్కో దీపం 150 వాట్లు మింగింది. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ భారం చాలా దిగింది.

చేపల వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల టోకు పెంపకందార్ల పద్ధతి వేరు. వరసగా ఉన్న తొట్లన్నిటికీ ఒకే బ్లోయరు, దానినుంచి పీవీసీ గొట్టం, ఒక్కో తొట్టికి ఒక్కో సన్నని ట్యూబు, దాని కొసన స్పాంజి ఫిల్టరు. తొట్టి తొట్టికీ మోటారు, రంగుల దీపం కొని ఇంటికి తీసుకెళ్లేది కొనుగోలుదారులే.