చేతులు మారిన ఇల్లు, మారని హక్కు

ఇల్లు కొన్న కొత్త ఓనరు వచ్చి, "మీ అగ్రిమెంటు పాత ఓనరుతో కదా, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యండి" అంటే చాలామంది నోరు మెదపకుండా సామాన్లు సర్దుకుంటారు. ఆ మాటకు చట్టంలో ఆధారం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు అమ్మినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. పాత ఓనరు హక్కులు కొత్తవారికి వస్తాయి. అద్దెకున్నవారు కోరితే బాధ్యతలూ వస్తాయి. అమ్మకం సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టినవారు కొత్తాయనకు మళ్ళీ కట్టనక్కర్లేదు.

అయితే ఆ చట్టం అద్దె ఎంతకు మించకూడదో చెప్పలేదు. నెలవారీ అద్దెదారును 15 రోజుల నోటీసుతో పంపించే వీలూ ఇచ్చింది. అద్దెకు కళ్ళెం యుద్ధాల వల్లే పడింది. మొదటి ప్రపంచయుద్ధం చివర 1918లో బొంబాయిలో, 1920లో కలకత్తాలో అద్దె చట్టాలొచ్చాయి. రెండో యుద్ధకాలంలో, 1941లో, మద్రాసు రాష్ట్రంలో అద్దె నియంత్రణ ఉత్తర్వులు వెలువడ్డాయి. తరువాత అవే 1946, 1949 చట్టాలయ్యాయి. హైదరాబాద్ రాష్ట్రం 1954లో తన చట్టం చేసుకుంది. ఆ రెండు రాష్ట్రాల్లోని తెలుగు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది.

ఆ 1960 చట్టం రాసినవారికి ఓనర్ల ఎత్తుగడలు బాగా తెలుసు. ఖాళీ చేయించాలనుకున్న ఓనరు మొదట చేసే పని అద్దె తీసుకోకపోవడం. రెండు మూడు నెలలు గడిచాక "అద్దె ఎగ్గొట్టాడు" అని కేసు వేస్తాడు. దీనికి చట్టం విరుగుడు చూపింది: బ్యాంకు పేరు చెప్పమని ఓనరుకు నోటీసివ్వాలి, పది రోజుల్లో చెప్పకపోతే అద్దె మనియార్డరు చేయాలి. నీళ్ళు, కరెంటు ఆపి వేధించడాన్నీ నిషేధించింది.

ఈ రక్షణ తరువాత కుంచించుకుపోయింది. 26-8-1957 నుంచి కట్టిన ఇళ్ళకు మొదట్లోనే మినహాయింపు ఉండేది. 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కట్టి పదేళ్ళు నిండని ఇళ్ళకూ, నెలకు 1,000 రూపాయలు దాటిన అద్దెలకూ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణ ఆ అద్దె పరిమితిని కార్పొరేషన్లలో 3,500, మిగతాచోట్ల 2,000గా పెట్టింది. ఈనాటి హైదరాబాద్ అద్దెలు చూస్తే అది పేరుకు మిగిలిన రక్షణే. అక్కడ ఇక మిగిలింది పాత ఆస్తి బదిలీ చట్టం, చేతిలో ఉన్న అగ్రిమెంటు. ఆ అగ్రిమెంటు కూడా ఎక్కువగా 11 నెలలదే. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి గనుక.

ఇప్పుడు ఓనరు స్థానంలో మేనేజ్‌మెంటు కంపెనీ మనిషి వచ్చి అద్దె అడుగుతున్నాడు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్ని పట్టించుకుంది. మేనేజరు పేరు, అధికారపత్రం ఓనరే అద్దెదారుకు ఇవ్వాలి, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు అంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేస్తేనే చెల్లుతుంది.

కనుక ఇల్లు చేతులు మారిందని ఎవరొచ్చి చెప్పినా ఆ సంగతి పాత ఓనరు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ అడ్వాన్సు కొత్తవారికి చేరిందని కాగితం మీద రాయించుకోండి. అద్దె బ్యాంకు ద్వారానే కట్టి, ప్రతి రసీదూ దాచుకోండి.